ఎవరికీ చెప్పక్కర్లేని రెండు గంటలు

పాతికేళ్ల కిందట, అమెరికాలో రెసిడెన్సీ (ఆస్పత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ) మొదటి ఏడాదిలో, మూడు నెలలపాటు నాకు సరిగ్గా నిద్ర లేదు, తిండి సయించలేదు. కౌన్సెలింగ్ ఆఫీసు ఆస్పత్రిలోనే ఉంది. మా వార్డు నుంచి రెండంతస్తులు దిగితే చాలు. దిగలేదు. డాక్టరు లైసెన్సు దరఖాస్తులో ‘మానసిక సమస్యకు ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా?’ అని అడుగుతారని సీనియర్లు చెప్పారు. పైగా అక్కడ ఇంకో తెలుగు రెసిడెంటు కంటపడితే వారం తిరక్కుండా ఆ మాట విజయవాడ చేరుతుందని భయం. ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నానమ్మా, కాస్త పనెక్కువ’ అనేదాన్ని.

ఇప్పుడు మా అమ్మాయి మెడిసిన్ రెండో ఏడు చదువుతోంది. ఈమధ్య ఇంటికొచ్చినప్పుడు అన్నం తింటూ ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కుకుంటూ పోతోంది. ఏమిటే అంటే, ‘రెజిలియెన్స్ ట్రైనింగమ్మా, ఒత్తిడి తట్టుకోవడం నేర్పుతారట. పూర్తి చేయకపోతే డీన్ ఆఫీసు నుంచి మెయిలొస్తుంది’ అంది. పెరుగన్నం కలిపేలోపు కోర్సు అయిపోయింది. ఇలాంటివి దండగ అని దాని నమ్మకం. నేను ఒప్పుకోను, ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

2015లో ఒక పరిశోధన వెలువడింది. యేల్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల ఇంటర్న్‌లు, అంటే రెసిడెన్సీ మొదటి ఏడాది డాక్టర్లు, 199 మంది అందులో పాల్గొన్నారు. ఇంటర్న్‌షిప్ మొదలవ్వకముందే సగం మందికి మూడ్‌జిమ్ అనే ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చారు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ తయారు చేసింది అది. వారానికొక అరగంట, నాలుగు వారాలు. మొత్తం రెండు గంటలు. మిగతా సగం మందికి డిప్రెషన్ గురించిన సమాచారం, సహాయం దొరికే చోట్ల వివరాలు మెయిల్‌లో పంపారు. ఆ ఏడాదిలో ఒక్కసారైనా చనిపోవాలన్న ఆలోచన వచ్చిందని చెప్పినవాళ్లు మెయిల్స్ అందుకున్నవారిలో 21.2 శాతం, శిక్షణ తీసుకున్నవారిలో 12 శాతం. చిన్న అధ్యయనమే. అయినా రెండు గంటలకి ఇంత ఫలితం ఇచ్చే మందు నా ప్రాక్టీసులో ఉంటే రాయకుండా ఉండలేను.

ఆ రెండు గంటల్లో నేర్పేదేమిటి? నాకు జరిగిందే చెప్తాను. ఒక రాత్రి ఒక పేషెంటు రక్తపరీక్షలో పొటాషియం రిపోర్టు చూడటం మర్చిపోయాను. పేషెంటుకేమీ కాలేదు. పొద్దున రౌండ్స్‌లో అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. ఆ సాయంత్రానికి నా మనసులో ఆ రిపోర్టు ఊసే లేదు, ‘నేను ఈ చదువుకి పనికిరాను, అప్పు చేసి పంపిన నాన్నకి ఏం మొహం చూపించను’ అన్నదొక్కటే మిగిలింది. రిపోర్టు మర్చిపోవడం జరిగిన సంగతి. పనికిరానన్నది నా ఆలోచన. ఈ రెంటినీ విడదీయడం, ఆ ఆలోచనకి రుజువేదని నిలదీయడం, ఇదే స్నేహితురాలికి జరిగితే ఏమని చెప్పేదాన్నో అది నాకు నేను చెప్పుకోవడం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే, ఆలోచనల తీరు మార్చే మానసిక చికిత్సలో మొదటి పాఠాలివి. అవి నాకు నలభై దాటాక, నా పేషెంట్ల కోసం చదువుతుంటే తెలిశాయి. రెజిలియెన్స్‌కి నాకు నచ్చిన తెలుగు మాట నిబ్బరం. అది పుట్టుకతో రాదు, ఈత నేర్పినట్టు నేర్పవచ్చు. నీళ్లలో పడకముందే నేర్పాలి.

ఇది మన పిల్లలకి ఆన్‌లైన్‌లోనే ఎందుకు నప్పుతుందంటే, ఎవరికీ తెలియదు కాబట్టి. 43 దేశాల అధ్యయనాల్ని కలిపి 2016లో లెక్కగడితే, వైద్య విద్యార్థుల్లో 27.2 శాతం మందికి డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నాయని తేలింది. అలా తేలినవాళ్లలో మానసిక చికిత్స కోసం వెళ్లింది 15.7 శాతమే. ‘సిగ్గుపడకండి, బయటికొచ్చి మాట్లాడండి’ అని అమెరికాలోని మన తెలుగు మహాసభల్లో ఏటా చెప్తున్నాం. మంచి మాటే. కానీ సిగ్గు పోయేదాకా ఆ పిల్ల ఆగగలదా? సిగ్గు ఉండగానే అర్ధరాత్రి తన గదిలో తలుపేసుకుని నేర్చుకునే దారి ఉండాలి.

అందుకే హాజరు పట్టీలాంటి శిక్షణ నాకు గిట్టదు. ఎవరు పూర్తిచేశారో, ఎవరే జవాబిచ్చారో డీన్ ఆఫీసుకి తెలుస్తుందనుకుంటే ఏ విద్యార్థీ నిజం రాయరు. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ 2009లో మొదలుపెట్టిన పద్ధతి చూడండి. పేరు చెప్పకుండా ఆన్‌లైన్ ప్రశ్నావళి నింపవచ్చు, కౌన్సెలర్ జవాబిస్తే పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు. పేరు చెప్పడం ఎప్పుడన్నది విద్యార్థి ఇష్టం.

శిక్షణ పేరుతో కాలేజీలు, ఆస్పత్రులు చేతులు దులుపుకుంటే కూడా ఊరుకోకూడదు. వారానికి 80 గంటలు పనిచేసే రెసిడెంటుకి ముందు కావాల్సింది నిద్ర. డిప్రెషన్ ముదిరినవాళ్లకి కావాల్సింది వైద్యుడు. లైసెన్సు ప్రశ్నలు గతాన్ని తవ్వకుండా, ఇప్పుడు పనికి అడ్డొచ్చే సమస్య ఉందా అన్నంతవరకే అడగాలని అమెరికా రాష్ట్రాల మెడికల్ బోర్డుల సమాఖ్య 2018లో సూచించింది. మీ పిల్లలు దరఖాస్తు పెట్టే రాష్ట్రంలో ఏమడుగుతున్నారో ఆ ఫారం తీసి చూడండి. నాలాగే, సీనియర్లు చెప్పిన పాత మాటకి భయపడి ఆగిపోయినవాళ్లు ఉంటారు.

ఇండియాలో మనం చదువుకున్న కాలేజీల సంగతీ ఉంది. అక్కడి వైద్య విద్యని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024 నివేదిక కోసం చేసిన ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు పాల్గొన్నారు. మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని వాళ్లలో 27.8 శాతం మంది చెప్పారు. పీజీల్లో 31.2 శాతం మంది ఆత్మహత్య ఆలోచన వచ్చిందన్నారు. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చన్న సంగతి అక్కడి విద్యార్థులందరికీ చేరాలి. ఇక్కడ అమెరికాలో మనవాళ్లకి 988 సహాయ నంబరు ఉన్నట్టే. కానీ ఆ నంబరు తిప్పాల్సిన స్థితి రాకముందే నేర్పే పాఠాలు తెలుగులో కావాలి. హాస్టల్ గదిలో ఏడుపొచ్చినప్పుడు కాకినాడ పిల్ల, వరంగల్ పిల్లాడు మనసులో అనుకునేది తెలుగులోనే కదా.

అమెరికాలో స్థిరపడ్డ పూర్వ విద్యార్థులం మన కాలేజీలకి ఆడిటోరియాలు, లైబ్రరీలు కట్టించాం. ఈ వేసవి మా బ్యాచ్ కలిసినప్పుడు రెండు ప్రతిపాదనలు పెట్టబోతున్నాను. మనలో ఉన్న సైకియాట్రిస్టులు కూర్చుని నాలుగు అరగంటల పాఠాలు తెలుగులో తయారు చేయాలి. పేరు అడగకూడదు, హాజరు వేయకూడదు. కాలేజీలో ఒక క్లినికల్ సైకాలజిస్టుకి మూడేళ్ల జీతం మనం భరించాలి. మీ బ్యాచ్‌లో సైకియాట్రిస్టులుంటే ఈ పత్రిక ద్వారా నాకు కబురు పెట్టండి. మొదటి పాఠానికి పొటాషియం రిపోర్టు కథ నేనిస్తాను.