ఒప్పందాలు తొట్టి అంచు దాకా చేరాలి

ఎలక్ట్రోప్లేటింగ్ పనిచేసే చోట, నికెల్ పూత పూసే తొట్టి దగ్గర కాసేపు నిలబడితే ఒక చిన్న విషయం కంటపడుతుంది. కార్మికుడు ఇనుప సామాన్లు తగిలించిన చట్రాన్ని ద్రావణంలోంచి పైకి లేపి, వెంటనే పక్కనున్న కడుగునీళ్ల తొట్టిలో ముంచుతాడు. ఈ రెండు పనుల మధ్య ఆకుపచ్చని ద్రావణం చట్రం నుంచి ధారగా కారి కొంత నేలపాలవుతుంది, మిగిలింది కడుగునీళ్లలో కలిసిపోతుంది. అది డబ్బు పోసి కొన్న నికెల్ లవణం. కాలువలోకి చేరిన మరుక్షణం దానికి కాలుష్యమనే పేరు వస్తుంది. తొట్టిపైన ఒక కడ్డీ బిగించి, చట్రాన్ని కొన్ని సెకన్లు దానికి వేలాడదీస్తే కారేదానిలో చాలా భాగం తిరిగి తొట్టిలోనే పడుతుంది. ఒక కడుగుతొట్టికి బదులు రెండు మూడు తొట్లు వరసగా పెట్టి, సరుకు నడిచే దిశకు ఎదురుగా నీటిని పారిస్తే, అంతే శుభ్రతకు పట్టే నీరు ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఇందుకు కొత్త యంత్రాలు అక్కరలేదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 1989లో ఈ తరహా ఆలోచనకు ‘క్లీనర్ ప్రొడక్షన్’ అని పేరు పెట్టింది. తెలుగులో స్వచ్ఛ ఉత్పత్తి అనవచ్చు. వ్యర్థం పుట్టాక గొట్టం చివర శుద్ధియంత్రం బిగించడం పాత పద్ధతి. ఆ వ్యర్థం అసలు పుట్టకుండా ముడిసరుకును, ప్రక్రియను, చివరికి తయారయ్యే వస్తువును కూడా ముందే సరిదిద్దుకోవడం ఈ కొత్త పద్ధతి. గొట్టం చివరి శుద్ధి కొన్నిచోట్ల తప్పదు, కాని దానిమీదే భారమంతా వేయడం ఎంత ప్రమాదకరమో జపాన్‌లోని మినమాటా చూపించింది. అక్కడ చిస్సో రసాయన కర్మాగారం ఎసిటాల్డిహైడ్ తయారీలో పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి, ఆ వ్యర్థజలాలను 1932 నుంచి సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న మత్స్యకార కుటుంబాలకు నాడీమండలం దెబ్బతిని, వింతజబ్బు బయటపడింది 1956లో. నిరసనలు పెరగడంతో 1959 డిసెంబరులో కర్మాగారం ఒక శుద్ధియంత్రాన్ని ఘనంగా ప్రారంభించింది. జబ్బుకు కారణమైన మిథైల్ పాదరసాన్ని తొలగించే శక్తి ఆ యంత్రానికి లేదు. జనం మాత్రం సమస్య తీరిందనుకున్నారు. ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1968లో, అదీ ఆ ప్రక్రియను ఆపేశాక. ఆ ఊరి పేరుమీదనే పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందం 2013లో కుదిరి, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. జబ్బును గుర్తించిన నాటి నుంచి లెక్కిస్తే అరవై ఏళ్లు దాటింది.

స్వచ్ఛ ఉత్పత్తి లాభసాటి అయినప్పుడు కర్మాగారాలు తమంతట తామే ఆ దారి పట్టాలి కదా, దేశాల మధ్య సహకారం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు ఖాతా పుస్తకాల్లో ఉంది. చాలా సంస్థలు వ్యర్థం ఖర్చు అంటే దాన్ని పారవేయడానికయ్యే రుసుమును మాత్రమే రాసుకుంటాయి. ఆ వ్యర్థంలో కలిసిపోయిన ముడిసరుకు ధర, దాన్ని వేడి చేయడానికి కాల్చిన ఇంధనం, దానిమీద పెట్టిన కూలి, ఇవన్నీ ఉత్పత్తి ఖర్చు కిందికి పోయి కనబడకుండా ఉండిపోతాయి. వీటిని విడదీసి చూపే లెక్కల పద్ధతికి 2011లో ఐఎస్ఓ 14051 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. పెద్ద సంస్థలకు ఇంజినీర్లు, గణకులు ఉంటారు కనుక అందుకోగలవు. ఇరవై మందితో నడిచే కర్మాగారం యజమాని ఉదయం కరెంటు కోత, మధ్యాహ్నం సరుకు పంపకం, సాయంత్రం అప్పులవాళ్లతో గడిపేస్తాడు. అతని దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి, అతని తొట్టి పక్కనే నిలబడి లెక్క కట్టి చూపించాలి.

ఆ పని కోసమే ఐరాస పారిశ్రామికాభివృద్ధి సంస్థ, అంటే యునిడో, పర్యావరణ కార్యక్రమంతో కలిసి 1994 నుంచి దేశాలవారీగా జాతీయ స్వచ్ఛ ఉత్పత్తి కేంద్రాలను నెలకొల్పింది. తర్వాతి కాలంలో ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, తూర్పు ఐరోపా దేశాలకు విస్తరించిన ఈ కేంద్రాలు స్థానిక ఇంజినీర్లకు శిక్షణనిచ్చి, కర్మాగారాల్లోకి పంపి, నీటి, కరెంటు, రసాయనాల లెక్కలు తీయించాయి. విదేశీ నిపుణుడు పదిరోజులు ఉండి నివేదిక ఇచ్చి వెళ్లే పద్ధతికంటే ఇది ఎంతో మేలైనదని నా అభిప్రాయం. అయితే దీనికి మొదటినుంచీ ఒక లోపం ఉంది. సలహా ఇచ్చారు గాని దాని వెనుక పెట్టుబడి రాలేదు. కారుతున్న కుళాయిని కట్టేయడం, ఆవిరి గొట్టాలకు తొడుగు వేయడం వంటి చవక పనులు జరిగాయి. ప్రక్రియనే మార్చవలసిన చోట నివేదిక బీరువాలోకి వెళ్లింది.

తోళ్లను పదును చేసే పరిశ్రమను చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. డ్రమ్ములో తిరిగే తోళ్లు మామూలు పద్ధతిలో క్రోమియం లవణంలో మూడింట రెండు వంతుల దాకా మాత్రమే పీల్చుకుంటాయి, మిగిలింది నీలిపచ్చ నీరుగా బయటికి వస్తుంది. ఆ నీటిని విడిగా పట్టి, మెగ్నీషియం ఆక్సైడ్ కలిపితే క్రోమియం అడుగున పేరుకుంటుంది. దాన్ని గంధకామ్లంలో కరిగిస్తే మళ్లీ పదునుకు పనికొస్తుంది. రసాయనశాస్త్రం ఇంత సులువుగా ఉన్నా, దీనికి వేరే కాలువ, వేరే తొట్లు, ఒక చిన్న ప్రయోగశాల, ఆ పని తెలిసిన మనిషి కావాలి. చిన్న యజమానికి ఆ అప్పు ఇచ్చే బ్యాంకు ఉండదు. ఉన్నా, కాలుష్యం తగ్గించే పెట్టుబడిని తాకట్టుగా పెట్టుకోదు.

సలహాతో పాటు సొమ్మును, గడువును ఒకే చోట కట్టి ఇచ్చిన ఒప్పందం ఒకటి ఉంది. ఓజోన్ పొర రక్షణకు 1987 సెప్టెంబరులో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం గురించి చాలామందికి తెలుసు, కాని దాన్ని నడిపించిన యంత్రాంగం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాల తలసరి వాడకం తక్కువగా ఉన్న వర్ధమాన దేశాలకు పదేళ్ల వెసులుబాటు ఇచ్చారు. ఆపైన, 1990లో లండన్‌లో తీర్మానించి, మరుసటి ఏడు నుంచి ఒక బహుపాక్షిక నిధిని నడిపించారు. పాత పద్ధతిలో ఉండిపోతే అయ్యే ఖర్చుకూ కొత్త పద్ధతికి మారితే అయ్యే ఖర్చుకూ మధ్యనున్న తేడాను ఈ నిధి భరిస్తుంది. సొమ్ము ఎవరికి ఎంత అన్నది తేల్చే కార్యనిర్వాహక సంఘంలో సంపన్న దేశాలకు ఏడు, వర్ధమాన దేశాలకు ఏడు స్థానాలు. ఓటింగ్ దాకా వస్తే రెండు పక్షాల్లోనూ మెజారిటీ ఉండాలి. దాత చెప్పిందే వేదమన్న పద్ధతికి ఇక్కడ చోటు లేదు.

ఈ సొమ్ము కర్మాగారంలో ఏ రూపం దాల్చిందో చూడాలంటే ఫ్రిజ్‌ల తయారీనే తీసుకోవచ్చు. ఫ్రిజ్ గోడల మధ్య నింపే నురుగును ఉబ్బించడానికి వాడిన సీఎఫ్‌సీ-11 అనే అలాంటి రసాయనం స్థానంలో అనేక కర్మాగారాలు సైక్లోపెంటేన్‌కు మారాయి. అది తేలిగ్గా ఆవిరై మండే ద్రవం. అందుచేత కొత్త నిల్వ ట్యాంకులు, గాలిని లాగే పంకాలు, ఆవిరి లీకైతే మోగే సెన్సర్లు, నిప్పురవ్వ పుట్టని విద్యుత్ పరికరాలు, కార్మికులకు శిక్షణ, అన్నీ కావలసి వచ్చాయి. వీటి ఖర్చును నిధి లెక్కకట్టి ఇచ్చింది, పాత యంత్రాలను మరో దేశానికి అమ్ముకోకుండా ధ్వంసం చేయాలని షరతు పెట్టింది. ఈ షరతు నాకెంతో విలువైనదిగా తోస్తుంది. ఒకచోట పనికిరాదనుకున్న మురికి యంత్రం మరోచోట చవకగా అమ్ముడుపోవడం పారిశ్రామిక చరిత్రలో పరిపాటి కనుక.

ఈ ఒప్పందంలోనూ తప్పులు దొర్లాయి, వాటినీ చెప్పుకోవాలి. సీఎఫ్‌సీల వంటి రసాయనాలకు బదులుగా చాలామంది మారిన హెచ్ఎఫ్‌సీలు ఓజోన్‌కు హాని చేయకపోయినా భూతాపాన్ని విపరీతంగా పెంచే వాయువులు. వాటిని తగ్గించడానికి 2016లో రువాండా రాజధాని కిగాలిలో మళ్లీ సవరణ చేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత 2018లో శాస్త్రజ్ఞులు వాతావరణంలో సీఎఫ్‌సీ-11 తగ్గవలసినంతగా తగ్గడం లేదని గుర్తించారు. ఆ అదనపు విడుదలల్లో పెద్ద భాగం తూర్పు చైనా నుంచి వస్తున్నదని కొరియా, జపాన్ దీవుల్లోని పరిశీలన కేంద్రాల కొలతలు తేల్చాయి. నురుగు తయారుచేసే కర్మాగారాలు చవకైన పాత రసాయనానికి దొంగచాటుగా తిరిగి వెళ్లాయన్నది అప్పుడు బయటపడింది. చైనా ప్రభుత్వం కఠినంగా వ్యవహరించాక విడుదలలు తగ్గాయి. పొరుగు దేశాల గాలి కొలతలు కూడా ఒప్పందానికి కాపలా కాయగలవని ఈ ఉదంతం తెలిపింది. చిన్న తయారీదారుకు కొత్త పద్ధతి చవకగా అందకపోతే ఎంత గట్టి ఒప్పందానికైనా కింది నుంచి చిల్లి పడుతుందని కూడా తెలిపింది.

మిగతా ఒప్పందాలు ఇంత సంపూర్ణంగా రూపొందలేదు. ఇటలీ నుంచి వచ్చిన విషవ్యర్థాల పీపాలు నైజీరియాలోని కోకో రేవులో 1988లో బయటపడి దుమారం రేగాక, ప్రమాదకర వ్యర్థాల రవాణాపై బాసెల్ ఒప్పందం 1989లో కుదిరింది. సంపన్న దేశాల నుంచి పేద దేశాలకు అలాంటి వ్యర్థాల ఎగుమతిని నిషేధించే సవరణను 1995లో ఆమోదించారు. అది అమల్లోకి వచ్చింది 2019 డిసెంబరులో. యునిడో సంగతీ అంతే. 1975 లిమా ప్రకటన ప్రపంచ పారిశ్రామికోత్పత్తిలో వర్ధమాన దేశాల వాటా 2000 నాటికి 25 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టింది. అందుకు తగిన సొమ్ము మాత్రం ఏనాడూ సమకూరలేదు. 1996 చివర్లో అమెరికా ఆ సంస్థ నుంచే తప్పుకుంది, తర్వాత మరికొన్ని సంపన్న దేశాలూ వైదొలిగాయి. 2013లో మళ్లీ లిమాలోనే సమ్మిళిత, సుస్థిర పారిశ్రామికాభివృద్ధి అన్న కొత్త ప్రకటన వెలువడింది.

ఇప్పుడు చర్చంతా ఐరోపా సమాఖ్య సరిహద్దు కార్బన్ సుంకం చుట్టూ తిరుగుతోంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తు దిగుమతుల వెనుకనున్న కర్బన ఉద్గారాల లెక్కలు చెప్పే నిబంధన 2023 అక్టోబరులో మొదలైంది. 2026 జనవరి నుంచి అవే లెక్కలకు ధర కట్టే దశ ఆరంభమైంది. తమ పరిశ్రమపై కార్బన్ ధర వేసుకున్న దేశాలు, మురికి ఉత్పత్తి సరిహద్దు దాటి వెళ్లి సరుకుగా తిరిగి రాకూడదనుకోవడంలో తప్పు లేదు. మాంట్రియల్ ఒప్పందం కూడా అందులో చేరని దేశాలతో ఆ రసాయనాల వ్యాపారాన్ని నిషేధించింది. అయితే అక్కడ ఆంక్ష, నిధి ఒకే ఒప్పందంలో పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడ ఆంక్షే ఉంది. వసూలయ్యే సొమ్ము ఎగుమతి చేసే దేశాల కర్మాగారాల మార్పుకు చేరితీరాలన్న నిబంధన లేదు. పైగా తన ఉద్గారాలను టన్నుల లెక్కన కొలిచి, తనిఖీ చేయించుకోలేని సంస్థ ఎంత శుభ్రంగా పనిచేసినా ఆ సంగతి రుజువు చేసుకోలేదు. కొలత పరికరాలు, తనిఖీదారులు, ప్రయోగశాలలు లేని దేశాల పరిశ్రమకు ఇది అన్యాయమే.

సాంకేతిక విజ్ఞానం ఎప్పుడూ సంపన్న దేశాల నుంచి కిందికి ప్రవహించాలన్న భావన కూడా సరికాదు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7 శాతం సిమెంటుదే. అందులో సగానికి పైగా ఇంధనం వల్ల కాదు, సున్నపురాయి కాలి, సిమెంటుకు మూలమైన క్లింకర్ గడ్డలుగా మారేటప్పుడు ఆ రాయిలోంచే వెలువడుతుంది. అందువల్ల కొలిమికి ఎంత శుభ్రమైన ఇంధనం వేసినా సమస్య తీరదు, క్లింకర్ వాటానే తగ్గించాలి. స్విట్జర్లాండ్, క్యూబా, భారత పరిశోధకులు కలిసి స్విస్ అభివృద్ధి సహాయ నిధులతో రూపొందించిన ఎల్‌సీ-3 సిమెంటులో సుమారు సగమే క్లింకర్. మిగతాది ఎక్కువగా కాల్చిన బంకమట్టి, మెత్తగా నూరిన సున్నపురాయి. క్లింకర్‌కు 1450 డిగ్రీల వేడి కావాలి, బంకమట్టికి 800 డిగ్రీల ప్రాంతంలో సరిపోతుంది. మొత్తం మీద ఉద్గారాలు 30 నుంచి 40 శాతం తగ్గుతాయి. అవసరమైన తరహా బంకమట్టి వేడి ప్రాంతాల దేశాల్లో విస్తారంగా దొరుకుతుంది. క్యూబాలో క్లింకర్ కొరత తెచ్చిన అవసరం, స్విట్జర్లాండ్‌లోని లౌసాన్ ప్రయోగశాలలో జరిగిన సూక్ష్మ పరిశీలన, భారత కర్మాగారాల్లో జరిపిన పరీక్షలు కలవకపోతే ఇది ఇంత త్వరగా మార్కెట్ దాకా వచ్చేది కాదు.

ఈ అనుభవాలన్నీ చూశాక, రాబోయే ఒప్పందాల్లో ఉండవలసినవేమిటో చెప్పడం కష్టం కాదు. సరిహద్దులో వసూలు చేసే ప్రతి సుంకంలోంచి నిర్ణీత భాగం సమాన ఓటు ఉన్న నిధిలోకి వెళ్లాలి. ఆ నిధి స్థానిక బ్యాంకులకు హామీగా నిలబడి చిన్న కర్మాగారాలకు అప్పు ఇప్పించాలి. స్వచ్ఛ ఉత్పత్తి కేంద్రాలకు రెండేళ్ల ప్రాజెక్టు సొమ్ముకు బదులు దీర్ఘకాలిక బడ్జెట్ ఇవ్వాలి. కొలత ప్రయోగశాలలు కట్టడం దానధర్మం కాదు, సుంకం వేసేవారి బాధ్యత.

ఒక విషయం మాత్రం ఏ ఒప్పంద పత్రంలోనూ కనిపించదు. తొట్టిమీద చట్రాన్ని వేలాడదీసి ఆగవలసిన ఆ కొద్ది సెకన్లు ముక్కల లెక్కన కూలి తీసుకునే కార్మికుడి జేబులోంచి పోతాయి. రోజుకు కొన్ని వందలసార్లు అలా ఆగితే సాయంత్రానికి అతని కూలి తగ్గుతుంది. కాబట్టి మేస్త్రీ వెనక్కి తిరగగానే చట్రం మళ్లీ నేరుగా కడుగునీళ్లలోకి వెళుతుంది. విదేశీ కొనుగోలుదారు తన సరఫరాదారును ఏటా ధర తగ్గించమంటూనే, అదే కాగితంలో పర్యావరణ నిబంధనలు పాటించమంటాడు. ఆ ఆగే సమయానికి కూలి కట్టి, దాన్ని కొనుగోలు ధరలో విడిగా చూపించే నిబంధనను వాణిజ్య ఒప్పందాల్లో చేర్చాలని పట్టుబట్టే పని కార్మిక సంఘాలు, ఎగుమతి చేసే దేశాల ప్రతినిధులు కలిసి ఈ దశాబ్దంలోనే మొదలుపెట్టాలి.