గజ్జలో బిళ్ళే కదా అని వదిలేయకండి

మా పెద్దమ్మకు కుడి గజ్జలో ఉసిరికాయంత గడ్డ ఏడాదిగా ఉందట. ఎవరికీ చెప్పలేదు. కాలికి ముల్లు గుచ్చుకుని బిళ్ళ కట్టిందనుకుని, పసుపూ సున్నం రాసుకుంటూ పొలానికి పోయింది. మొన్న అది ఎర్రబడింది, ముట్టుకుంటే విలవిల్లాడింది, వాంతులు మొదలయ్యాయి. చూసిన డాక్టరు గ్యాస్ అన్నాడు, ఇంజెక్షన్ చేసి పంపేశాడు. చీర కాస్త పక్కకు జరిపి చూసింది లేదు. నాకు కోపం అక్కడే.

మూడో రోజు పెద్దాసుపత్రిలో సర్జన్ చెయ్యి వేసి చూసి, "ఫెమొరల్ హెర్నియా, ఉన్నపళంగా ఆపరేషన్ చెయ్యాలి" అన్నారు. ఆడవాళ్ళకు హెర్నియా ఏమిటని మేమే నోరు తెరిచాం. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువగా వచ్చే రకం ఇదని అప్పుడే తెలిసింది. హెర్నియా అంటే పొట్టలో ఉండాల్సింది ఏదో ఒక సందులోంచి సంచిలా బయటికి జారడం. ఇందులో ఆ సందు తొడ మొదట్లో ఉంటుంది, ఇరుకు, దాని అంచులు గట్టివి. అందులోకి జారింది నలిగిపోతుంది. 1991లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఇలా బిగుసుకుపోయే అవకాశం 3 నెలల్లో 22 శాతం, 21 నెలల్లో 45 శాతం అని తేలింది. పెద్దమ్మ ఏడాది మోసింది.

సంచి కోసి చూస్తే లోపల ఉన్నది పేగు కాదు, అపెండిక్స్! ఆపరేషన్ అయ్యాక స్టీలు ట్రేలో తెచ్చి చూపించారు. చిటికెనవేలంత ఉంది, కొస నల్లగా కమిలిపోయి ఉంది. 1731లో గారాంజో అనే ఫ్రెంచి సర్జన్ రాసిపెట్టిన సంగతట, ఆయన పేరే పెట్టారు. చాలా అరుదు. చీము భయంతో మెష్ (సందుకు బలంగా వేసే వల) పెట్టకుండా కుట్లతోనే మూశారు.

ఒక్కోసారి ఆ సంచిలో అండాశయం ఉంటుందట, గర్భసంచి పక్కనుండే ట్యూబు ఉంటుందట. నెలసరికి ఉబ్బి నొప్పెట్టే గడ్డయితే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం, కావచ్చు. గర్భిణికి గజ్జలో ఉబ్బితే అవి ఉబ్బిన సిరలే కావచ్చు, రక్తం పారడం చూపించే డాప్లర్ స్కాన్ చేయించకుండా కత్తి పెట్టకూడదు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది రిక్టర్ హెర్నియా. పేగు గోడలో ఒక పక్క మాత్రమే చిక్కుకుంటుంది కాబట్టి విరేచనం మామూలుగానే అవుతూ ఉండొచ్చు. లోపల మాత్రం కుళ్ళుతుంటుంది. "మోషన్ అవుతోందిగా" అని ఇంట్లో అందరం ధైర్యం చెప్పుకున్నది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

డాక్టర్లకు చేతులెత్తి చెబుతున్నా. వాంతులు, కడుపునొప్పి అని ఏ వయసు ఆడమనిషి వచ్చినా, నర్సమ్మను పక్కన పెట్టుకుని గజ్జలు చూడండి. ఆవిడ తనంతట తాను చెప్పదు.

డిశ్చార్జి రోజు పక్క మంచం పేషెంటు కోడలు నన్ను వరండాలోకి పిలిచి, చుట్టూ చూసి మెల్లగా అడిగింది: "అక్కా, మీ పెద్దమ్మకు ఆ గడ్డ పడుకుంటే లోపలికి పోయేదా?"