అద్దాల మేడలు బాకీ తీర్చాలి

బెంగళూరు మారతహళ్లి వంతెన మీద నిలబడి ఔటర్ రింగ్ రోడ్డు వైపు చూస్తే కనుచూపు మేరంతా అద్దాల మేడలే. ఏ ఆఫీసులోకైనా ఉదయం పదకొండుకు వెళ్లి చూడండి. బయట ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. లోపల తూర్పు కిటికీల బ్లైండ్లన్నీ కిందికి దించేసి, లైట్లు వేసుకుని, ఏసీ నడుపుతుంటారు. వెలుతురు కోసమని అద్దం పెట్టాం, అది కళ్లలో పడుతోందని తెర దించాం, తెర వల్ల చీకటైందని లైటు వేశాం. సాయంత్రం గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు ఎదుటి భవనం అద్దాల మీంచి కొట్టే సెగకు మొహం తిప్పుకుని నిలబడతాడు. కదిరి నుంచో మదనపల్లె నుంచో వచ్చిన మనవాడే అయ్యుంటాడు.

ఈ అద్దాలే కరెంటు పుట్టిస్తాయని ఇప్పుడు వింటున్నాం. ఇది గాలి కబురు కాదు. మామూలు సోలార్ పలక కంటికి కనిపించే వెలుతురును మింగేస్తుంది, అందుకే నల్లగా ఉంటుంది. కిటికీ గాజుకు వేసే పారదర్శక సోలార్ పూత ఆ వెలుతురును లోపలికి వదిలేసి, కంటికి కనబడని అతినీలలోహిత, పరారుణ కిరణాలను పట్టుకుంటుంది. నేలకు చేరే సూర్యశక్తిలో దాదాపు సగం పరారుణమే. అందులో కొంత గాజు దగ్గరే ఆగితే గదిలోకి వచ్చే వేడి తగ్గుతుంది, ఏసీకీ కొంత ఊపిరి ఆడుతుంది. మాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లంట్ బృందం 2014లో ఇలాంటి గాజును చూపించింది. పట్టుకున్న శక్తిని గాజు అంచులకు మళ్లించి, అక్కడ అమర్చిన సన్నని సెల్స్‌తో కరెంటు తీశారు. అప్పటి సామర్థ్యం, అంటే పడిన ఎండలో కరెంటుగా మారిన వాటా, 1 శాతం దగ్గరే. 2020లో అదే రాష్ట్రంలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వేరే పద్ధతిలో 8.1 శాతం సాధించింది. కాకపోతే ఆ గాజు గుండా సగం కన్నా తక్కువ వెలుతురే వచ్చింది. రోజంతా బ్లైండ్లు దించుకునే మన ఆఫీసులకు అది పెద్ద నష్టమేమీ కాదు.

ఆశపడే ముందు లెక్క చూసుకోవాలి. నేరుగా పడే నిండు ఎండలో చదరపు మీటరుకు 1,000 వాట్లు వస్తాయనుకుంటే, 5 శాతం సామర్థ్యమున్న కిటికీ ఇచ్చేది 50 వాట్లు. అంటే ఒక ల్యాప్‌టాప్ ఛార్జరుకు సరిపోతుంది. అదే ఎండలో డాబా మీది మంచి పలక 200 వాట్లు ఇస్తుంది. పైగా బెంగళూరు ఉన్నది 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఏప్రిల్ చివర్లో ఒక రోజు, ఆగస్టులో మరో రోజు మధ్యాహ్నం మన నీడ మన కాళ్ల కిందికే వచ్చేస్తుంది. ఆ క్షణాన డాబా మీద ఎండ నిండుగా ఉంటుంది, నిలువు గోడ మీద నేరుగా పడేది దాదాపు ఏమీ ఉండదు. ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమర గోడ, చలికాలంలో దక్షిణపు గోడ... కిటికీకి ముఖ్యంగా దక్కే ఎండ ఇంతే.

అయినా ఈ పూతను పట్టించుకోవాలనే అంటున్నాం, కారణం పావగడ. తుమకూరు జిల్లాలో తెలుగు మాట్లాడే ఆ తాలూకాలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలసింది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. వానల్లేక అప్పులపాలైన రైతుకు అది ఆసరా అయింది. సెంటు భూమి లేని కూలీకి మాత్రం కలుపు పనీ పోయింది, గొర్రెలు మేపుకునే బీడూ పోయింది. నగరాలు తమ గోడల మీద పడే ఎండను వదిలేసి పల్లె నేలను అడిగే ముందు ఆ కూలీ ముఖం ఒకసారి చూడాలి.

కాబట్టి ముందు డాబాలు. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద ఇంటికి 78,000 రూపాయల వరకు, అపార్ట్‌మెంట్ల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది. ఇంత ఉండి కూడా నగరంలో ఎన్నో డాబాల మీద నీళ్ల ట్యాంకులూ పాత సామానే కనిపిస్తున్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పద్ధతి.

మాకున్న అసలు టెన్షన్ వేరే. కేంద్రం 2017లో సవరించిన భవనాల ఇంధన పొదుపు నియమావళి, బయటి గోడల్లో అద్దం వాటా 40 శాతం దాటకూడదంది. మొత్తం భవనం వాడకం తక్కువేనని కంప్యూటర్ లెక్కల్లో చూపిస్తే ఆ హద్దు దాటే దారీ ఇచ్చింది. రేపు 'మా అద్దం కరెంటు ఇస్తుంది' అంటూ ఏ బిల్డరైనా నిలువెల్లా గాజు తొడిగితే, పూత ఇచ్చే నాలుగు యూనిట్లను ఏసీ మింగేసి ఇంకా అడుగుతుంది. ఆ సాకును ప్రభుత్వం మొదట్లోనే మూసేయాలి. పూత ఉన్నా లేకున్నా 40 శాతం అంటే 40 శాతమే.

మన్నిక సంగతి కూడా తేలాలి. సిలికాన్ పలకకు పాతికేళ్ల వారంటీ ఇస్తున్నారు. కర్బన పదార్థాలతో చేసిన పూతలు ఎండకు, తేమకు త్వరగా నీరసిస్తాయి. కిటికీ కిటికీకీ వైరు లాగాలి. ఒక అద్దం పగిలితే పన్నెండో అంతస్తులో తాడుకు వేలాడుతూ మార్చేది కూడా మన కూలీ బిడ్డే.

అందుకే మేం అడిగేది చిన్నది. ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పడమర గోడకు ఈ గాజు పెట్టండి. పక్కనే అదే కొలతలో మామూలు గాజు ఉంచండి. రెండు వేసవులు, రెండు వర్షాకాలాలు గడవనివ్వండి. కొత్త గాజు ఎన్ని యూనిట్లు ఇచ్చిందో, రెండు వైపులా ఏసీ ఎన్ని తాగిందో బెంగళూరు కరెంటు పంపిణీ సంస్థ బెస్కాం నెలనెలా గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. మధ్యాహ్నం మూడింటికి ఆ గదుల్లో బ్లైండ్లు పైకి ఉన్నాయో, కిందికి ఉన్నాయో కూడా అదే బోర్డు మీద రాయాలి.