సీటు మారిన పెట్టగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పొదుగు పెట్టగారి దివ్యసముఖానికి,

విషయం: పొదుగు 18వ రోజున తమరు సీటు మారి కూర్చోవడం గురించి.

అమ్మా,

నిన్న పొద్దున 8 గంటలకు తమరు గంప దిగారు. నాలుగు జొన్నగింజలు ఏరుకున్నారు. నీళ్ళు తాగారు. రోజంతా బిగబట్టిన రెట్టను ఒకే విడతలో, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేలా వేశారు. బూడిదలో పొర్లారు. ఇంతవరకు ఆక్షేపణ లేదు. పొదుగులో ఉన్న పెట్టకు రోజుకు 15, 20 నిమిషాల సెలవు హక్కే. సెలవు ముగించుకుని టైముకే వచ్చి, ఎంతో నిష్ఠగా కూర్చున్నారు కూడా.

పక్క గంపలో.

ఆ గంపలో ఉన్నది ఒకే ఒక్క గుడ్డు. నల్లపెట్ట అప్పుడే పెట్టి, ఏదో కొండ తవ్వినట్టు పెరడంతా అరిచి చాటింపు వేసి వెళ్ళింది. తమరు దానిమీద రెక్కలు పరిచి, అరకన్ను వేసి, దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళమీదా గుర్రుమంటూ సాయంత్రం దాకా డ్యూటీ చేశారు. జానెడు దూరంలో తమరి సొంత గుడ్లు 11, మూడు రోజుల్లో పిల్లలు కావలసినవి, చల్లబడుతూ ఉన్నాయి.

ఇదంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకడమేనని తమరు అనుకోవచ్చు. పీకితే నిజంగానే దొరుకుతాయి తల్లీ! 18వ రోజుకి లోపలి పిల్లకి ఒళ్ళంతా నూగు వచ్చేసి ఉంటుంది.

తమరి నియామకం ఆషామాషీగా జరగలేదు. వారంపాటు గుడ్డు పెట్టడం మానేశారు, గూట్లోంచి దిగనన్నారు, చెయ్యి పెడితే ఒళ్ళంతా ఉబ్బించి పొడిచారు. పొదుగుకొచ్చిందని నమ్మేసి వెంటనే గుడ్లు అప్పగించలేదు. రెండు రోజులు నున్నటి గులకరాళ్ళు పెట్టి చూస్తే, వాటినీ పొట్టకింద సర్దుకుని కూర్చున్నారు. అప్పుడు కదా, రాత్రిపూట చీకట్లో మేం రాళ్ళు తీసి గుడ్లన్నీ ఒకేసారి పెట్టింది! రోజుకొకటి చొప్పున పెడితే మొదటి పిల్ల బయటికి రాగానే తమరు దాన్ని వెంటేసుకుని లేచిపోతారు, మిగతావి మురిగిపోతాయి. నాటుపెట్ట పొట్టకింద 10, 12 గుడ్లకు మించితే అంచున ఉన్నవాటికి వేడి చాలదు, అందుకని 11 దగ్గర ఆగాం. అన్నీ వారం లోపువి, కడగనివి, బీటలు లేనివి, సన్న మొన కిందికి పెట్టి నీడపట్టున దాచినవి.

పుంజు తిరిగిన మందలోవి, అది చెప్పకపోతే ఎలా! కొట్లో కొన్న తెల్లగుడ్లు పెట్టి పిల్లలు రాలేదేమని తమరి జాతిని ఆడిపోసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. గుడ్ల ఫారాల్లో పుంజే ఉండదు, ఇక పిల్ల ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటి పుంజు సంక్రాంతికి కూరైపోయినా, ఆ తర్వాత వారం పది రోజులు పెట్టిన గుడ్లకు ఆశ ఉంటుంది గానీ, ఫారం గుడ్డుకు ఆ పాటి కూడా లేదు.

ప్రతి గుడ్డుమీదా పెన్సిలుతో అడ్డగీత కూడా గీశాం. నల్లపెట్టకు నిండిన గంపలో గుడ్డు పెట్టడమంటే మహా సరదా కాబట్టి, గీత లేనిది కనబడితే ఏ రోజుకారోజు తీసెయ్యవచ్చని. ఉరుములకు గుడ్లు చెడిపోతాయంటే గడ్డి కింద ఇనపమేకు కూడా పెట్టాం. దానివల్ల ఏమీ కాదని తెలుసు. పెద్దవాళ్ళు ఊరుకోరు. పేలు పట్టకుండా ఎండిన వేపాకు నలిపి వేశాం. పేలు కుడితే ఎంత మంచి పెట్టయినా సీటు వదిలి పారిపోతుంది కదా. తమరు పారిపోనూ లేదు. పక్కకి జరిగారంతే.

ఏమే, 17 రోజులు రాత్రింబవళ్ళు రొమ్ము కింద పెట్టుకుని, ముక్కుతో ఒక్కొక్కటే తిప్పుకున్న గుడ్లే, నీవేవో నీకు తెలియలేదా? పదకొండుకీ ఒకటికీ తేడా పొట్టకి తగల్లేదా? రొమ్ముమీద ఈకలు రాల్చుకుని ఒట్టి చర్మం ఆనించి కూర్చుంటావే, ఆ చర్మానికైనా బుద్ధి ఉండక్కర్లేదా? నిన్ను బుట్టతో సహా చెరువులో...

క్షమించాలి. మాట జారింది.

విషయం ఏమిటంటే, తమరికి గుర్తుండేది గుడ్డు కాదు, చోటు. గులకరాయి పెట్టినా కూర్చుంటారు, బాతుగుడ్డు పెడితే 21 కాదు 28 రోజులైనా కూర్చుంటారు. తమరి లెక్కలో గోడవార, నీడలో, వరిగడ్డి పరిచిన వెదురుగంప ఎక్కడుంటే అదే ఆఫీసు. మరి అదే గోడవార, అదే నీడలో, అదే కొలతలో, అదే వరిగడ్డితో రెండో గంప ఎవరు పెట్టారు? పొదుగు మొదలైన రాత్రే తమర్ని మిగతా పెట్టలు రాని మూలకి ఎందుకు మార్చలేదు? విరామం అయ్యాక ఏ గంపెక్కారో చూడకుండా ఎవరు పనిలో పడ్డారు? ఇవన్నీ తమరు అడగలేరు కాబట్టి బతికిపోయాం.

పోనీ వేరే పెట్టను చూసుకుందామా అంటే, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో తయారైన వనరాజా, గ్రామప్రియ పెట్టలు గుడ్డు పెట్టి దులపరించుకుని పోయే రకం. పొదుగు బుద్ధి వాటిలో చాలా తక్కువ. ఇంక్యుబేటరుకి 37.5 డిగ్రీలు తప్పకుండా చూడాలి, తడి చూడాలి, గుడ్లు తిప్పాలి, కరెంటు పోతే దేవుణ్ణి తలుచుకోవాలి. తమరికి ఇవేవీ చెప్పక్కర్లేదు. గంప గుర్తుంటే చాలు.

నిన్న రాత్రి దీపాలార్పి, సెల్‌ఫోను టార్చిని గుడ్డు లావు వైపు ఆనించి ఒక్కొక్కటీ చూశాం. ఏడో రోజున సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపించిన గుడ్లే, ఇప్పుడు పైన గాలి అర తప్ప మిగతాదంతా నలుపు. తొమ్మిదింటిలో ఆ నలుపు అంచు కదిలింది. ఈ వయసు పిల్ల కొంత వేడి తానే పుట్టించుకుంటుంది, బయట చలి కూడా లేదు, అందుకని గండం గడిచినట్టుంది. కదలని రెండింటినీ కూడా పారెయ్యలేదు. 21 దాటినా 23వ రోజు దాకా చూస్తాం, చల్లబడిన గుడ్డు ఆలస్యంగా పగలడం మామూలే.

తక్షణం అమల్లోకి వచ్చిన ఉత్తర్వులు: రెండో గంప అటక ఎక్కింది. నల్లపెట్టకు వంటింటి వెనక బదిలీ. తమరిమీద పెద్ద గంప బోర్లించి ఉంటుంది. పొద్దున పూట 20 నిమిషాలు తెరుస్తాం, తిరిగి ఎక్కేదాకా మనిషి కాపలా. గడ్డి అంచున రోజూ కాసిని గోరువెచ్చని నీళ్ళు చిలకరిస్తాం, పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అంటుకోకుండా. పెంకుకి చిల్లి పడ్డాక పిల్ల బయటపడటానికి ఒక పగలూ రాత్రీ పట్టవచ్చు. జాలిపడి గోటితో పెంకు ఒలిచేవాళ్ళు ఈ ఇంట్లో ఉన్నారు. పొర నరాల్లోని రక్తం పిల్లలోకి ఇంకకముందే ఒలిస్తే పిల్ల రక్తం కారి చస్తుంది. అలాంటి చెయ్యి గంపలోకి వస్తే మొహమాటపడకండి.

ఇందాక గుడ్లు సరిచూడబోతే తమరు బొటనవేలు పొడిచారు. రక్తం వచ్చింది. గంప సరైనదే కాబట్టి ఫిర్యాదు లేదు.

ఇట్లు,
జొన్నలు చల్లే చెయ్యి