స్ట్రాంగా, లైటా... బీరంటే ఇంతేనా?

హనుమకొండలో ఏ వైన్స్ ముందు నిలబడ్డా బీరు గురించి వినపడే ప్రశ్నలు రెండే. స్ట్రాంగా, లైటా? కూల్ ఉన్నయా, లేవా? దసరా ముందు రోజు సాయంత్రమైతే రెండో ప్రశ్న కూడా ఉండదు, దొరికితే చాలు. ఇంత బీరు తాగే తెలంగాణలో బీరు రుచి గురించి ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు చాలాకాలంగా వెలితిగా ఉంది. దీని నష్టం నాలుకతో ఆగదు, ఒంటి మీద కూడా పడుతుంది.

లెక్క చూడండి. మన ఆహార ప్రమాణాల ప్రకారం ఆల్కహాల్ 5 శాతం దాటి 8 శాతం దాకా ఉంటే అది స్ట్రాంగ్ బీరు. దేశంలో అమ్ముడుపోయేదాంట్లో ఎక్కువ భాగం ఇదే. 8 శాతం ఉన్న 650 మి.లీ. సీసాలో 52 మి.లీ. అసలు ఆల్కహాల్ ఉంటుంది. 42.8 శాతం విస్కీ ఒక లార్జ్ పెగ్గులో, అంటే 60 మి.లీ.లో, ఉండేది 26 మి.లీ. కూడా కాదు. 'బీరే కదా' అనుకుంటూ సిట్టింగ్‌లో మూడు సీసాలు లేపినవాడు ఆరు లార్జ్‌లు తాగినట్టే.

మా మిత్రబృందం ఒక అక్టోబరులో హైదరాబాద్‌లో బీరు పండుగకు వెళ్లింది. కాజీపేటలో రైలెక్కి వెళ్లి రైల్లోనే తిరిగొచ్చాం. తాగే పని ఉన్న రోజు ఎవరూ బండి తియ్యొద్దన్నది మాలో పాత కట్టుబాటు. అక్కడ బీరు పోసింది చిన్న గ్లాసుల్లో, ఒక్కో దాంట్లో 100 మి.లీ. లేత రంగుదానితో మొదలుపెట్టి నల్లదాని దాకా వరసగా ఐదు గ్లాసులు. గోధుమ బీరు వంతు రాగానే పరకాల మిత్రుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయాడు. 'అరే, అరటిపండు, లవంగం వాసన వస్తందిరా' అన్నాడు. ఒక గుటక వేసి, 'ఇది పొద్దుగాల దించిన ఈతకల్లు లెక్కనే ఉంది' అన్నాడు. అందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు. ఆ రెండు వాసనలూ ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టించినవే. ఆఖరున వచ్చిన స్టౌట్ అనే నల్ల బీరు కాఫీలా చేదుగా ఉంది. నల్లగా వేయించిన బార్లీ వల్ల ఆ రంగు, ఆ చేదు. అది ఐస్‌లా చల్లగా ఉంటే ఏమీ తెలియదు, కాసేపు బల్ల మీద ఉంచితే వాసన విచ్చుకుంది. కూల్ కూల్ అని మనం పట్టుబట్టేది నాలుకను మొద్దుబార్చుకోవడానికే అని నాకు అక్కడే బాగా అర్థమైంది.

నీళ్లు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ పూలు, ఈస్ట్. ప్రధాన సరుకులు ఈ నాలుగే. కొన్ని బీర్లలో గోధుమలూ చేరతాయి. వెచ్చగా త్వరగా పులిసేది ఏల్, చల్లగా నెమ్మదిగా పులిసేది లాగర్. మన వైన్స్‌లో వరసగా కనిపించే బంగారు రంగు లాగర్లు చాలావరకు 1842లో బొహీమియా (ఇప్పటి చెక్ దేశం)లోని పిల్జెన్ పట్టణంలో పుట్టిన బీరుకు వారసులే. అంటే లేబుళ్లు ఎన్ని మారినా మనం తాగుతున్నది ఒకే ఇంటి బీరు.

తప్పు తాగేవాడి ఒక్కడిదే కాదు. తెలంగాణలో సీసా ఏదైనా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ కొని డిపో నుంచి షాపుకు పంపాల్సిందే. కంపెనీకి ఇచ్చే ధరా, షాపులో ధరా రెండూ సర్కారు చేతిలోనే ఉంటాయి. 2025 జనవరిలో పాత బకాయిలు రాలేదని, ధర పెంచలేదని చెప్పి యునైటెడ్ బ్రూవరీస్ కింగ్‌ఫిషర్ సరఫరా ఆపేసింది. ఫిబ్రవరిలో బీరు ధరలు 15 శాతం పెరిగాయి. అంత పెద్ద కంపెనీకే ఇంత టెన్షన్ ఉంటే, గోధుమ బీరో స్టౌటో చేసే చిన్నవాడు వరంగల్ డిపో దాకా ఎట్లా వస్తాడు? షాపువాడు కూడా తొందరగా కదిలే సరుకే తెస్తాడు. కొనేవాడు ఎంతకు ఎంత కిక్కు అని చూస్తాడు. అన్నీ కలిసి స్ట్రాంగ్ దగ్గరికే చేరతాయి.

నిజానికి రుచి చూసే తెలివి మనకు కొత్తది కాదు. తాటాకు మడిచి పట్టుకుంటే గీత కార్మికుడు లొట్టిలోంచి పోస్తాడు. మొదటి గుటకకే అది పోతుతాడు (మగ తాటిచెట్టు)దో, పండుతాడు (ఆడ తాటిచెట్టు)దో చెప్పగలిగే పెద్దలు మా జనగామ వైపు ఇంకా ఉన్నారు. పొద్దటి కల్లు తియ్యన, మాపటిది పులుపు. చాలా ఏల్ బీర్లను పులియబెట్టే జాతి ఈస్ట్ కల్లులోనూ ఉంటుంది. అలాంటి కల్లును అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపి పాడు చేశారు. నిజామాబాద్, కామారెడ్డి వైపు ఆ కల్తీకి అలవాటుపడ్డవాళ్ల బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అక్కడా రోగం ఒకటే: రుచి పోయింది, మత్తు మిగిలింది.

బెల్టు షాపుల మీద కొట్లాడే ఆడవాళ్లు నా మాట వింటే, ఉన్న తాగుడు చాలక పండుగలు కూడానా అంటారు. వాళ్ల కోపం న్యాయమైనది. ఇంట్లో తాగుడు పెట్టే బాధ వాళ్లు చూసినంత నేను చూడలేదు. అయితే పండుగల్లోనూ తేడా ఉంది. మ్యూనిక్‌లో 1810లో మొదలైన ఆక్టోబర్‌ఫెస్ట్‌లో లీటరు మగ్గులు నడుస్తాయి. అది మనకు వద్దు. అమెరికాలోని కొలరాడోలో 1982లో మొదలైన గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్‌లో ఒక్కోసారి పోసేది ఒక ఔన్స్, సుమారు 30 మి.లీ. మేం తాగిన ఐదు గ్లాసులూ, 5 శాతం చొప్పున చూసినా, కలిపి 25 మి.లీ. ఆల్కహాల్. ఒక్క స్ట్రాంగ్ సీసాలో సగం కూడా లేదు. ఆ మధ్యాహ్నమంతా మాటల్లోనే గడిచింది, ఎవరూ తూలలేదు.

అక్కడికక్కడే బీరు చేసి అమ్మే మైక్రోబ్రూవరీలు హైదరాబాద్ దాటి జిల్లా నగరాలకూ వస్తాయన్న మాట వినిపిస్తోంది. వరంగల్‌కు వస్తే, 100 మి.లీ. గ్లాసు అమ్మడం లైసెన్సులోనే తప్పనిసరి చేయాలి. ప్రతి రకం పక్కన ఆల్కహాల్ శాతం తెలుగులో పెద్దక్షరాలతో రాయాలి. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. గీత కార్మికుల సొసైటీకి అదే ఆవరణలో ఒక కౌంటర్ ఇచ్చి, ల్యాబ్‌లో పరీక్షించిన కల్లు అమ్మించాలి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా (పులియని తాటిరసం) కేఫ్ పెట్టగలిగిన ప్రభుత్వానికి భద్రకాళి చెరువు ఉన్న ఊళ్లో ఈ పాటి కౌంటర్ పెట్టడం కష్టమేమీ కాదు.