మూడు మిల్లీమీటర్ల వీఐపీకి

స్టెంట్ గారికి నమస్కారాలు.

చూడబోతే మీరు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న జాలీ గొట్టం. పలుకుబడి చూస్తే మాత్రం మంత్రులు కూడా దిగదుడుపే. 1977లో జ్యూరిక్‌లో గ్రూంట్‌సిగ్ అనే డాక్టర్ గుండె రక్తనాళంలోకి బెలూన్ పంపి పూడిక తెరిచాడు. బెలూన్ తీసేశాక కొన్ని నాళాలు మళ్ళీ ముడుచుకుపోయేవి. నాళాన్ని తెరిచి పట్టుకునే ఆ ఖాళీ పోస్టులో 1986లో మీరు చేరారు. చేరడమే పర్మినెంట్, రిటైర్మెంట్ ఊసే లేదు.

గుండెపోటుతో నాళం మూసుకుపోయినవేళ మీరు ప్రాణదాత. అక్కడ వెటకారం చెల్లదు, దండం పెట్టాల్సిందే. నా పేచీ అంతా మెట్లెక్కితే కాస్త ఛాతీ పట్టేసి, ఆగితే సర్దుకునే మనిషి విషయంలో.

అతను బల్ల మీద పడుకుని ఉంటాడు. మణికట్టులోంచి సన్నటి ట్యూబు గుండెదాకా వెళ్ళి ఉంటుంది. స్క్రీన్ మీద నల్లటి నాళం, మధ్యలో ఎవరో నొక్కిపట్టినట్టు ఒక సన్నటి చోటు. "ఎనభై శాతం పూడిక" అన్న మాట బయటికి రాగానే ఇంటివాళ్ళకు టెన్షన్. "ఎలాగూ లోపలిదాకా వెళ్ళారు కదా, వేసేయండి డాక్టర్!" ఆ బొమ్మ చూశాక ఆగేదెవరు? ఇలాంటి నిలకడ కేసుల్లో మందులకు మిమ్మల్ని జోడించినా చావులూ గుండెపోట్లూ తగ్గలేదని 2007లోనే కరేజ్ అధ్యయనం తేల్చింది. నొప్పి తగ్గిస్తారు, కాదనను. కానీ మీకు వస్తున్న పేరు నొప్పి మాత్రకు వచ్చే పేరు కాదు కదా!

మీరు సరిచేసేది రెండు మూడు సెంటీమీటర్లు. మిగతా నాళమంతా కొవ్వు పేరుకోకుండా కాపలా కాసేది స్టాటిన్ మాత్ర. దానికి సన్మానం లేదు సరికదా, "స్టెంట్ వేశారుగా, ఇంకెందుకు?" అని దాన్నే ముందు మానేస్తారు. కొందరైతే సిగరెట్ కూడా వెలిగిస్తారు. పైగా మీమీద రక్తం గడ్డకట్టకుండా యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ నెలల తరబడి కాపలా ఉండాలి. కాపాడటానికొచ్చిన వారికి ఇద్దరు బాడీగార్డులు! డాక్టర్ని అడక్కుండా వాళ్ళను పంపించేస్తే మీరే మూసుకుపోయే ప్రమాదం.

అందుకని ఒక విన్నపం. ఈసారి నిలకడగా ఉన్న మనిషి దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తుంటే, బొమ్మ ఒక్కటే చూశారా, పూడికకు అటూ ఇటూ ప్రెషర్ తేడా కూడా కొలిచారా అని అడగండి. పూడిక అవతలి ప్రెషర్ ఇవతలి ప్రెషర్‌లో ఎన్నో వంతో చెప్పే ఆ లెక్క, అంటే ఎఫ్ఎఫ్ఆర్, 0.80 దాటి ఉంటే పూడిక రక్తాన్ని పెద్దగా ఆపట్లేదన్నట్టే; అప్పుడు ప్యాకెట్లోంచి బయటికి రానని మొండికేయండి.

ఇట్లు,
మీరింకా అడుగుపెట్టని ఒక గుండె యజమాని