మహారాజశ్రీ ‘తెల్లారనీ, చూద్దాం’ గారికి

పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. నిన్న మా చిన్నాన్నను పరామర్శించడానికి వచ్చిన పెద్దాయన తమరిని తెగ మెచ్చుకున్నారు. "అర్ధరాత్రి ఎక్కడని తిప్పుతారు? తెల్లారాక తీసుకెళ్లడమే మంచిదైంది" అన్నారు. ఆ పక్కనే చిన్నాన్న రెండు మాటలు మాట్లాడి ఆయాసపడుతున్నాడు. గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది మరి. ఇంత మంచి చేసిన తమరికి ఓ ఉత్తరమైనా రాయకపోతే ఏం బాగుంటుంది?

ఆ రాత్రి భోజనాలయ్యాక ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందన్నాడు. ముందుగా తమరి తమ్ముడు గ్యాస్ గారు దయచేశారు. వాము నమిలించాం, సోడా తాగించాం, పక్కింటివాళ్ల మాత్రా వేశాం. నెత్తిమీద ఫ్యాను తిరుగుతున్నా బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. దవడ పట్టుకుని "పన్ను నొప్పేమో" అన్నాడు. షుగరున్నవాళ్లకు ఒక్కోసారి గుండెపోటులో నొప్పే తెలియదు. ఈయనకు నొప్పి కూడా వచ్చి చెప్పింది. విన్నదెవరు?

గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందన్న వాట్సాప్ మెసేజ్ గుర్తొచ్చి బావ దగ్గించాడు. 108కి ఫోన్ చేద్దామంటే "వీధంతా లేస్తుంది" అంది పిన్ని. బరంపురమా, శ్రీకాకుళమా అని కాసేపు పంచాయితీ. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రాలో పాతపట్నమే కదా అంటే, అక్కడ మన ఒడిశా ఆరోగ్య కార్డు చెల్లుతుందా అని ఇంకొకరు. చివరికి తమరి తీర్పే ఖాయమైంది.

తమరికేం, రోజూ తెల్లారుతుంది. రక్తనాళం పూర్తిగా మూసుకుపోతే అరగంట తిరిగేసరికే గుండె కండరం చావడం మొదలవుతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 12 గంటల లోపు ఇస్తారు గానీ, దాని సత్తా అంతా మొదటి రెండు మూడు గంటల్లోనే. రోగి గుమ్మం తొక్కిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలని, స్టెంటు వేసే ఆసుపత్రైతే 90 నిమిషాల్లో నాళం తెరవాలని డాక్టర్లు తమకు తామే గడువు పెట్టుకున్నారు. మనం కోడి కూత పెట్టుకున్నాం. "నొప్పి ఎన్నింటికి మొదలైంది?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే బావ "ఇందాకే సార్" అన్నాడు. ఆ టైమును బట్టే వైద్యమని తెలిశాక అందరం నేల చూపులే.

అయినా నీకు తమరేంటి, మర్యాదేంటి? రాత్రి రెండింటి ముహూర్తానికి ముసలాళ్లతో సహా వ్యాన్లు కట్టించుకుని టెక్కలి దాకా పోయినప్పుడు ఎక్కడ చచ్చావు? అప్పుడు చీకటి కాదా? ఇకమీదట ఈ ఇంట్లో ఎవరికి ఛాతీ పట్టేసినా ముందు 108కే ఫోన్. వీధి లేస్తే లేవనీ.